హామ్ రేడియో ఆంటెన్నాలకు రిలేల ఎంపిక

వార్తను ఒక చోటి నుండి మరొక చోటికి చేర్చడం మానవుని అతి పురాతన ప్రయత్నాలలో ఒకటి. పూర్వం వేగుల వారు గుర్రాలపై ప్రయాణం చేసేవారు. ఒకే గుర్రం దూరమంతా పరుగెత్తలేదు కనుక దారి పొడవునా మజిలీలు ఏర్పరచి, ప్రతి మజిలీలో కొత్త గుర్రాన్ని సిద్ధంగా ఉంచేవారు. దానినే మన పెద్దలు ‘అంచె’ అన్నారు. ఉర్దూలో ‘డాక్ చౌకీ’ అన్నారు. అలసిన గుర్రం వార్తను మోసుకొని వస్తుంది, అలసట లేని గుర్రం దానిని ముందుకు తీసుకొని పోతుంది.

19వ శతాబ్దంలో తంతివార్తలు వచ్చినప్పుడు ఇదే చిక్కు మరొక రూపంలో ఎదురైంది. దూరం పెరిగిన కొద్దీ తీగలోని విద్యుత్తు క్షీణిస్తుంది. క్షీణించిన ఆ కొద్దిపాటి విద్యుత్తుతో ఒక చిన్న విద్యుదయస్కాంతాన్ని పనిచేయించి, దాని సాయంతో మరొక బ్యాటరీ విద్యుత్తును ముందుకు పంపే ఉపాయం కనిపెట్టారు. అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ 1830వ దశకంలో చేసిన ప్రయోగాలు ఇందుకు మూలం. ఆ పరికరానికి ‘రిలే’ అని పేరు పెట్టారు. అంచె గుర్రానికి ఉన్న పేరే దీనికీ వచ్చింది.

పెన్‌పహాడ్ మండలపు రైతులకు రిలే కొత్త వస్తువు కాదు. బోరుబావి దగ్గర స్టార్టరు పెట్టె తెరిస్తే లోపల కనిపించేది దాని పెద్దన్నే. చిన్న మీట నొక్కగానే కాయిల్‌లోనికి కొద్ది విద్యుత్తు ప్రవహించి, ఇనుప ముక్కను ఆకర్షించి, మోటారుకు పెద్ద విద్యుత్తును కలుపుతుంది. ఈ సూత్రాన్నే హామ్ రేడియో కేంద్రంలో ఆంటెన్నాలను మార్చడానికి ఎలా వినియోగించాలో, అందుకు ఎటువంటి రిలేను ఎన్నుకోవాలో ఈ వ్యాసంలో వివరింపదలచాము.

అనేక ఆంటెన్నాలు ఎందుకు?

ప్రభుత్వం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులై, అనుమతి పొంది, లాభాపేక్ష లేకుండా రేడియో ద్వారా సంభాషించే వారిని హామ్‌లు అంటారు. వీరికి కొన్ని పౌనఃపున్య శ్రేణులు కేటాయించబడ్డాయి. వాటినే బ్యాండ్లు అంటారు. ఒక్కొక్క బ్యాండుకు ఒక్కొక్క స్వభావం ఉంది. పెన్‌పహాడ్ నుండి హైదరాబాదు రోడ్డు మార్గాన దాదాపు 150 కిలోమీటర్లు. ఈ దూరానికి పగటివేళ సాధారణంగా 7 మెగాహెర్ట్జ్ బ్యాండు అనువైనది. తరంగాలు పైకి వెళ్లి, అయనోస్ఫియరు అనే పొరను తాకి, సమీప ప్రదేశాలపైకి తిరిగి దిగుతాయి. రాత్రి ఆ పొర పలుచబడినప్పుడు 7 మెగాహెర్ట్జ్ తరంగాలు దగ్గరి ఊళ్లను దాటిపోతాయి. అప్పుడు 3.5 మెగాహెర్ట్జ్ బ్యాండును ఆశ్రయించాలి. దూరదేశాలకు 14, 21 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు తగినవి.

ఆంటెన్నా పొడవు పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది. అర్ధ తరంగ డైపోలు పొడవు మీటర్లలో కావాలంటే 143ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే చాలు. ఆ లెక్కన 3.6 మెగాహెర్ట్జ్‌కు దాదాపు 40 మీటర్లు, 7.1కి 20, 14.2కు 10, 21.2కు 6.7 మీటర్ల తీగ కావాలి. నాలుగు ఆంటెన్నాలను ఒకే స్తంభం నుండి దింపవచ్చును. కాని స్తంభం ఇంటికి 40 మీటర్ల దూరాన ఉంటే, నాలుగింటికీ విడివిడిగా 160 మీటర్ల కోయాక్సియల్ కేబులు కొనవలసి వస్తుంది. స్తంభం మీద ఒక రిలే పెట్టె అమర్చితే 40 మీటర్ల కోయాక్సియల్ కేబులు ఒకటి, దానితో పాటు చవకైన కంట్రోలు తీగలు సరిపోతాయి.

ఇది డబ్బు ఆదా చేసే విషయం మాత్రమే కాదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన అతివృష్టికి కోదాడ పట్టణం జలమయమైంది. నడిగూడెం మండలంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది. హైదరాబాదు–విజయవాడ రహదారిపై రాకపోకలు స్తంభించాయి. అటువంటి రాత్రి కరెంటు ఉండదు. సెల్‌ఫోన్ టవర్లు ఎంతసేపు నిలుస్తాయో చెప్పలేము. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన శ్రీమతి భారతి ప్రసాద్ నాయకత్వాన ఒక బృందం అండమాన్ దీవులలోని నాటి పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్లి, ప్రపంచంలోని హామ్‌లతో సంభాషణలు జరుపుతున్నది. అదే నెల 26న సునామీ విరుచుకుపడి టెలిఫోన్లు మూగవోయినప్పుడు, వినోదం కొరకు తీసుకువెళ్లిన ఆ పరికరాలే క్షేమసమాచారాలను చేరవేశాయి. ఆపద వచ్చిన పూట పరికరం పనిచేయాలంటే, ఆపద లేని పూట దాని భాగాలను ఆలోచించి ఎన్నుకొని ఉండాలి. రిలే విషయంలో ఈ మాట అక్షరాలా నిజం.

స్పర్శల సామర్థ్యం

రిలేలో లోహపు స్పర్శలు ఉంటాయి. కాయిల్‌కు విద్యుత్తు లేనప్పుడు కలిసి ఉండే స్పర్శను ‘నార్మల్లీ క్లోజ్డ్’ అని, విద్యుత్తు ఇచ్చినప్పుడు కలిసే దానిని ‘నార్మల్లీ ఓపెన్’ అని అంటారు. ఈ రెండింటి మధ్య కదిలేది ఉమ్మడి స్పర్శ. మన పనికి ఈ మూడు స్పర్శలు గల రిలే కావాలి.

మొదట ప్రవాహాన్ని లెక్కిద్దాము. 100 వాట్ల ట్రాన్స్‌మిటరు 50 ఓంల కేబులుకు శక్తిని ఇస్తే ప్రవాహం 1.41 ఆంపియర్లు, వోల్టేజి 71 వోల్టులు. ఆంటెన్నా సరిగా కుదరక స్థిర తరంగ నిష్పత్తి 3కు చేరితే కేబులులో కొన్ని చోట్ల ప్రవాహం 2.45 ఆంపియర్లకు, మరికొన్ని చోట్ల వోల్టేజి 122 వోల్టులకు పెరుగుతుంది. దాని శిఖర విలువ 173 వోల్టులు. రిలే ఏ చోట పడుతుందో ముందుగా తెలియదు కనుక రెండింటికీ తట్టుకునేదిగా ఉండాలి.

రిలే మూత మీద ‘10 ఆంపియర్లు, 250 వోల్టులు’ అని ముద్రించి ఉంటుంది. అది ఇంటి కరెంటుకు, అనగా 50 హెర్ట్జ్‌కు చెప్పిన మాట. రేడియో పౌనఃపున్యాల వద్ద విద్యుత్తు లోహపు లోపలి భాగంలో ప్రవహించక పైపొరకే పరిమితమవుతుంది. 7 మెగాహెర్ట్జ్ వద్ద రాగిలో ఆ పొర మందం సుమారు 0.025 మిల్లీమీటర్లు మాత్రమే. అందువలన స్పర్శలు, వాటి పలుచని స్ప్రింగు రేకులు ఎక్కువగా వేడెక్కుతాయి. ముద్రించిన విలువలో మూడవ వంతును మాత్రమే నమ్మడం క్షేమకరమైన పద్ధతి. 10 ఆంపియర్ల రిలేను 3 ఆంపియర్లదిగా భావిస్తే మన 2.45 ఆంపియర్లు అందులో ఇముడుతాయి. 16 ఆంపియర్లది దొరికితే మరింత నిశ్చింత.

ఈ లెక్క అంతా స్పర్శలు కలిసి ఉన్నప్పటిది. ట్రాన్స్‌మిటరు శక్తిని విడుదల చేస్తున్నప్పుడు బ్యాండు మార్చితే స్పర్శల మధ్య నిప్పురవ్వ పుట్టి, వెండి కరిగి గుంటలు పడుతుంది. మొదట ప్రసారం ఆపాలి, తరువాత బ్యాండు మార్చాలి, ఆ తరువాతనే మాట్లాడాలి. ఈ క్రమం పాటించే వారి వద్ద సామాన్యమైన రిలే సైతం ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

తీగల పొడవు, స్పర్శల దూరం

స్టార్టరు పెట్టెలోని కాంటాక్టరు ఎన్నో ఆంపియర్లను మోయగలదు కదా, దానినే వాడరాదా అని రైతుబిడ్డలైన విద్యార్థులు అడగవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. కాని రేడియో పౌనఃపున్యాల వద్ద ప్రతి సెంటీమీటరు తీగా ఒక చిన్న ప్రేరక చుట్టవలె అడ్డుపడుతుంది. సెంటీమీటరుకు సుమారు 10 నానోహెన్రీలు అనుకుంటే, 15 సెంటీమీటర్ల మార్గం గల పెద్ద కాంటాక్టరు 21 మెగాహెర్ట్జ్ వద్ద 20 ఓంల రియాక్టెన్సును చూపుతుంది. 50 ఓంల మార్గంలో ఇది చిన్న అడ్డంకి కాదు. 5 సెంటీమీటర్ల లోపు మార్గం గల చిన్న రిలేలో అది 7 ఓంలకు మించదు, 3.6 మెగాహెర్ట్జ్ వద్ద 1 ఓం మాత్రమే. కనుక బలం ఎంత ముఖ్యమో, చిన్నతనమూ అంత ముఖ్యమే.

రెండవది, తెరిచి ఉన్న స్పర్శల మధ్య కెపాసిటెన్సు. ఎదురెదురుగా ఉన్న రెండు లోహపు ముక్కలు ఒక చిన్న కండెన్సరు వంటివి. అది 1 పికోఫారడు అయితే 21 మెగాహెర్ట్జ్ వద్ద 7,500 ఓంల రియాక్టెన్సు అవుతుంది. దాని గుండా పక్కనున్న 50 ఓంల ఆంటెన్నాకు కారిపోయే శక్తి 100 వాట్లలో సుమారు 4.4 మిల్లీవాట్లు. కెపాసిటెన్సు రెట్టింపైతే ఈ కారడం నాలుగు రెట్లవుతుంది. వాడని ఆంటెన్నాను భూమికి కలిపి ఉంచితే ఈ బెడద దాదాపు తొలగిపోతుంది.

వాహనాల దీపాలకు వాడే 12 వోల్టుల రిలే సూర్యాపేటలోనూ, మిర్యాలగూడలోనూ ఆటో విడిభాగాల దుకాణాలలో చవకగా లభిస్తుంది. దాని స్పర్శలు బలమైనవి. కాని కాయిల్ 130 నుండి 160 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతుంది. చాలా రకాలకు గాలి చొరబడని మూత ఉండదు. 3.5, 7 మెగాహెర్ట్జ్‌లకు దానితో సరిపెట్టుకోవచ్చును. 21కి మాత్రం అది ఉత్తమం కాదు. గాజుగొట్టంలోని రీడ్ రిలే చిన్నదే అయినా సామాన్య రకాలు ఇంత ప్రవాహానికి తట్టుకోలేవు. శూన్యంలో స్పర్శలు ఉంచిన వాక్యూమ్ రిలే శ్రేష్ఠమైనది. అయితే దాని ధర 100 వాట్ల కేంద్రానికి భారం, అవసరమూ లేదు. కదిలే భాగాలు లేని సాలిడ్ స్టేట్ రిలేలు సామాన్యంగా మోటార్ల కొరకు, దీపాల కొరకు తయారైనవి. రేడియో తరంగాలను ఆపలేవు, సరిగా పంపనూ లేవు. ముద్రిత పలకపై టంకం వేసి బిగించదగిన, అన్ని వైపుల మూసి ఉన్న 12 వోల్టుల చిన్న పవర్ రిలేయే మన అవసరానికి తగినది.

రోహిణి కార్తె పరీక్ష

చాలామంది స్పర్శలను చూసి రిలే కొంటారు, కాయిల్‌ను పట్టించుకోరు. మన ప్రాంతంలో రిలే విఫలమయ్యే అవకాశం కాయిల్ వద్దనే ఎక్కువ. లెక్క చూడండి.

12 వోల్టుల రిలే కాయిల్ నిరోధం 270 ఓంలు, ప్రవాహం 44 మిల్లీ ఆంపియర్లు అనుకుందాము. 20 డిగ్రీల వేడిమి వద్ద ఇది పనిచేయడం ప్రారంభించడానికి 9 వోల్టులు చాలునని తయారీదారు చెబుతాడు. 12కు 9 చాలినప్పుడు చింత ఏమిటని తోస్తుంది. కాని రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని సామెత. స్తంభం మీద ఎండలో ఉన్న పెట్టె లోపల 65 డిగ్రీలకు చేరిందనుకోండి. రాగి నిరోధం ఒక్కొక్క డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 45 డిగ్రీల హెచ్చుకు 18 శాతం. 270 ఓంలు 318 అవుతాయి. 9 వోల్టులతో పనిచేసినది 10.6 వోల్టులు కోరుతుంది.

ఇప్పుడు కరెంటు పోయింది. బ్యాటరీ వాడుతూ వాడుతూ 11 వోల్టులకు దిగింది. కంట్రోలు తీగలుగా 0.5 మిల్లీమీటర్ల వ్యాసం గల సన్నని టెలిఫోను తీగ వాడారు. 40 మీటర్ల పొడవులో ఒక్కొక్క తీగ నిరోధం 3.5 ఓంలు. రెండు రిలేలు ఒకేసారి పనిచేస్తే ఉమ్మడి తీగలో రెట్టింపు ప్రవాహం. ఈ తీగలలో పోయేది దాదాపు 0.36 వోల్టులు. రిలే చేరేది 10.64 వోల్టులు, దానికి కావలసినది 10.6. వెంట్రుకవాసి తేడా! దానికి తోడు అంతకుముందు గంటసేపు పనిచేసిన కాయిల్ తన సొంత వేడితో మరింత వేడెక్కి ఉంటుంది. అప్పుడు ‘టిక్’ అనే శబ్దం వినపడదు; ఆంటెన్నా మారదు.

నివారణ సులభమే. తీగను 1 చదరపు మిల్లీమీటరు మందానిది వాడితే నష్టం 0.1 వోల్టుకు లోపే. పెట్టెకు తెల్లరంగు వేసి, దానిపై చిన్న రేకు నీడ కల్పిస్తే లోపలి వేడి బాగా తగ్గుతుంది. 12 వోల్టుల రకాలలోనే 8.4 వోల్టులకు, అనగా 70 శాతానికి పనిచేసేదానిని ఎంచుకుంటే మరికొంత వెసులుబాటు లభిస్తుంది. కాయిల్‌కు వరుసలో డయోడు పెట్టరాదు, అది 0.7 వోల్టులు మింగుతుంది, మనకు అంత దానం చేసే స్తోమత లేదు. కాయిల్‌కు అడ్డంగా, ఎదురు దిశలో ఒక 1ఎన్4007 డయోడు మాత్రం తప్పక ఉండాలి. విద్యుత్తు ఆగినప్పుడు కాయిల్‌లో పుట్టే అధిక వోల్టేజిని అది అణచివేస్తుంది. దానితో పాటు 0.01 మైక్రోఫారడు కండెన్సరు కలిపితే రేడియో తరంగాలు కంట్రోలు తీగలలోనికి పాకవు.

ఒక్క క్షణపు విద్యుత్తుతో స్థానం మార్చి, తరువాత విద్యుత్తు లేకుండానే అక్కడ నిలిచే లాచింగ్ రిలేలు కూడా ఉన్నవి. అవి బ్యాటరీని ఆదా చేస్తాయి. కాని అవి ఏ స్థానంలో నిలిచి ఉన్నవో ఇంటి నుండి తెలుసుకోవడానికి వేరే ఏర్పాటు కావాలి. రెండు సామాన్య రిలేలు రోజంతా పనిచేసినా బ్యాటరీ నుండి తీసుకొనేది 2.1 ఆంపియర్ గంటలే. అంత మాత్రానికి చిక్కులు కొనితెచ్చుకోవడం అనవసరం.

విద్యుత్తు లేనప్పుడు ఏది కలిసి ఉండాలి?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. ప్రతి ఆంటెన్నాకు ఒక రిలే అమర్చాలి. బండి చక్రంలో ఆకులు ఇరుసు చుట్టూ అమరినట్లు నాలుగు రిలేలను ఇంటి నుండి వచ్చే కేబులు చుట్టూ దగ్గరగా ఉంచాలి. 3.5, 14, 21 మెగాహెర్ట్జ్ ఆంటెన్నాలను వాటి రిలేల ఉమ్మడి స్పర్శలకు కలిపి, నార్మల్లీ క్లోజ్డ్ స్పర్శలను భూమికి, నార్మల్లీ ఓపెన్ స్పర్శలను కేబులుకు కలపాలి. అప్పుడు పిలవని ఆంటెన్నా భూమిని అంటిపెట్టుకొని ఉంటుంది.

7 మెగాహెర్ట్జ్ ఆంటెన్నాకు మాత్రం దీనిని తలకిందులు చేయాలని మా అభిప్రాయం. దాని నార్మల్లీ క్లోజ్డ్ స్పర్శను కేబులుకు, రెండవ దానిని భూమికి కలపాలి. మిగిలిన మూడు బ్యాండ్లలో దేనిని పిలిచినా ఈ రిలేకు కూడా విద్యుత్తు అందాలి. ఇంటిలోని బ్యాండు స్విచ్చిని రెండు అంతస్తులది వాడితే ఒక అంతస్తు కోరిన రిలేకు, రెండవది 7 మెగాహెర్ట్జ్ రిలేకు విద్యుత్తును పంపుతుంది. నాలుగు కాయిల్ తీగలు, ఒక ఉమ్మడి తీగ, వెరసి ఐదు తీగలు. దీని వలన ప్రయోజనం ఏమిటి? గాలివానకు కంట్రోలు తీగలు తెగిపోయినా, కాయిళ్లు కాలిపోయినా, బ్యాటరీలో రేడియోకు తప్ప రిలేకు మిగలకపోయినా, 7 మెగాహెర్ట్జ్ ఆంటెన్నా దానంతట అదే కలిసి ఉంటుంది. పగటిపూట హైదరాబాదును పిలవగలిగే దారి మూసుకుపోదు.

అయితే ఈ ఏర్పాటులో ఒక ప్రమాదం ఉన్నది. విద్యుత్తు లేనప్పుడు ఒక ఆంటెన్నా ఇంటికి కలిసి ఉంటుంది కనుక పిడుగుల వేళ దానిని విస్మరించరాదు. మైళ్ల దూరం గాలిలో దూకి వచ్చే మెరుపుకు రిలే స్పర్శల మధ్య మిల్లీమీటరు దూరం ఒక లెక్క కాదు. ఏ రిలే అయినా పిడుగును ఆపుతుందని నమ్మడం అవివేకం. స్తంభం వద్ద మంచి ఎర్తింగు, కేబులుకు గ్యాసు గొట్టపు అరెస్టరు ఉండాలి. ఉరుములు వినిపించక మునుపే కేబులును రేడియో నుండి విప్పి ఇంటి బయట ఉంచాలి.

చీమలు, తేమ, నలుపు

మోటారు స్టార్టర్లలోనికి చీమలు, బల్లులు దూరి పని చెరచడం పల్లెలలో అందరికీ అనుభవమే. తెరిచి ఉన్న రిలేకూ అదే గతి. అందుకే గాలి చొరబడని రిలే కావాలన్నాము. పెట్టె అడుగున నీటి చెమ్మ కారిపోవడానికి చిన్న రంధ్రం ఉంచి, దానికి సన్నని జాలి బిగించాలి. కేబుళ్లు పెట్టెలోనికి అడుగు నుండే ప్రవేశించాలి.

వెండి పట్టీలు గాలికి నల్లబడినట్లు రిలేలోని వెండి స్పర్శలు కూడా నల్లబడతాయి. ప్రసారం చేసేటప్పటి ప్రవాహం ఆ పొరను ఛేదిస్తుంది. వినేటప్పుడు వచ్చే సంకేతం మైక్రోవోల్టులలో ఉంటుంది. దానికి ఆ బలం లేదు. చాలాకాలం వాడని బ్యాండులో స్వరాలు మందగించి వినిపిస్తే ఇదే కారణం కావచ్చును. వారానికి ఒకసారి ప్రతి రిలేను పది సార్లు కదిలించడం, ప్రతి బ్యాండులో కొద్దిసేపు ప్రసారం చేయడం చాలామట్టుకు దీనికి మందు.

ఉపసంహారం

కొనేటప్పుడు చూడవలసిన గుణాలను క్రోడీకరిస్తే: ఒక ఉమ్మడి స్పర్శ, రెండు దిక్కులు, 10 నుండి 16 ఆంపియర్ల వెండి మిశ్రమపు స్పర్శలు, చిన్న ఆకారం, పొట్టి కాళ్లు, మూసి ఉన్న కవచం, 12 వోల్టుల డి.సి. కాయిల్, 70 నుండి 75 శాతం వోల్టేజికే కదిలే స్వభావం.

కొన్న తరువాత పరీక్షించాలి. స్పర్శల గుండా 1 ఆంపియరు పంపి, వాటి మధ్య వోల్టేజిని కొలిస్తే అది 100 మిల్లీవోల్టులకు బాగా లోబడి ఉండాలి. పెట్టె పూర్తయ్యాక ఆంటెన్నా స్థానంలో 50 ఓంల కృత్రిమ భారాన్ని కలిపి, ప్రతి బ్యాండులోనూ స్థిర తరంగ నిష్పత్తి 1.3 దాటకుండా ఉన్నదేమో చూడాలి. చివరి పరీక్షకు మాత్రం చల్లని గది పనికిరాదు. రోహిణి కార్తెలో మిట్ట మధ్యాహ్నం, సగం అరిగిన బ్యాటరీతో, పెట్టె స్తంభం మీద ఉండగానే అన్ని బ్యాండ్లను మార్చి చూడాలి. ఆనాడు నాలుగు రిలేలూ తడబడకుండా కదిలితే, మృగశిర కార్తె వానలు వచ్చే నాటికి మన కేంద్రం సిద్ధంగా ఉన్నట్లే.

భౌతికశాస్త్ర విద్యార్థులు ఓం నియమాన్ని, నిరోధంపై ఉష్ణోగ్రత ప్రభావాన్ని పరీక్షల కొరకు కంఠస్థం చేస్తారు. ఆ రెండు పాఠాలే ఒక వరద రాత్రి ఒక ఊరి గొంతు ప్రపంచానికి వినిపిస్తుందో లేదో నిర్ణయించగలవు. అంచె గుర్రం విలువ దాని జీనుపై పొదిగిన పూసలలో లేదు. వేగుల వాడు చీకటిలో వచ్చి తలుపు తట్టినప్పుడు అది లేచి నిలబడడంలో ఉన్నది. రిలేను ఎన్నుకొనేటప్పుడు గుర్తుంచుకోవలసినది ఇంతమాత్రమే.